మానుచున్న కాలితో దీవి కొండదారిని పరుగు

పరుగు అందరికిని తెలిసిన విద్యయే. నడక కుదురుకొనుటకు ముందే బిడ్డ పరుగునకు పూనుకొనును. కాని గాయపడి, కొన్ని వారములో కొన్ని మాసములో ఊరకుండి, మరల పరుగునకు దిగుట వేరొక విద్య. దీనిని బాల్యమున ఎవరును నేర్పరు. ఆ దిగుట కూడ చదునైన మైదానమున గాక, ఎత్తుపల్లములతో నిండిన దీవి రహదారిపై జరుగు దీర్ఘదూరపు పందెమునకైనచో తెలిసికొనవలసిన విషయములు మరికొన్ని చేరును. నేటి ప్రసంగమున వానిని గూర్చి ముచ్చటింపదలచితిమి.

ఉదాహరణకు ఇంగ్లండు దక్షిణ తీరమునకు చేరువగా నున్న వైట్ దీవిని తీసికొందము. ప్రధాన భూభాగమునకును దీనికిని నడుమ సోలెంట్ అను జలసంధి కలదు. దానిపై వంతెన లేదు; నీటిని దాటియే పోవలెను. దీవి తూర్పు పడమరలుగా సుమారు 37 కిలోమీటర్లు, ఉత్తర దక్షిణములుగా సుమారు 21 కిలోమీటర్లు ఉండును. విక్టోరియా రాణి మక్కువతో నివసించిన ఆస్బర్న్ భవనము ఇచ్చటనే కలదు. ఆమె 1901 జనవరి 22వ తేదీన కన్నుమూసినదియు అందులోనే. ఆ భవనమునందలి దర్బారు మందిరమునకు రూపకల్పన చేసినవారిలో పంజాబునకు చెందిన భాయి రాంసింగ్ ఒకరు. కనుక ఆ దూరపు దీవితో మన దేశపు పనితనమునకును కొంత బంధుత్వము కలదు.

ఈ దీవికి వెన్నెముక వలె తూర్పున కల్వర్ కొండ కొమ్ము మొదలు పడమటి చివరనున్న నీడిల్స్ అను శిలల వరకు సుద్దరాతి గట్టు ఒకటి సాగిపోవును. దీవి దక్షిణ భాగమున మరికొన్ని సుద్ద కొండలు కలవు. వానిలో మిక్కిలి ఎత్తైన సెయింట్ బోనిఫేస్ కొండ సముద్రమట్టమునకు 241 మీటర్లు మాత్రమే. మన తూర్పు కనుమలను చూచినవారికి ఇది గుట్టగా తోచును. దూరపు కొండలు నునుపు అన్న సామెత ఇచ్చట రెండు విధముల చెల్లును. పడవపై నుండి చూచినప్పుడు ఆ పచ్చని వాలులు పరుపులవలె మెత్తగా కనబడును. కాని వానిని ఎక్కి దిగు రహదారిపై గంటల తరబడి పరుగెత్తవలసిన వానికి ఒక పెద్ద కొండ కంటె ఒకదాని వెనుక ఒకటిగా వచ్చు చిన్న మిట్టలే ఎక్కువ శ్రమ కలిగించును. పెద్ద కొండను ఒకసారి ఎక్కి ముగింపవచ్చును. చిన్న మిట్టలకు ముగింపు కనబడదు.

ఈ దీవిలో 1957వ సంవత్సరమున మారథాన్ పరుగు పందెము ప్రారంభమైనది. బ్రిటనులో ఎడతెగక సాగుచు వచ్చిన మారథాన్ పందెములలో మిక్కిలి పాతదిగా దీనికి పేరు కలదు. మారథాన్ దూరము 42 కిలోమీటర్ల 195 మీటర్లు. అనగా దీవి పొడవు కంటె పందెపు దారియే పొడవు! అందువలన దారి తిన్నగా సాగుటకు వీలులేదు. మలుపులు తిరుగుచు, లోయలు దిగుచు, మరల మిట్టలెక్కుచు పోవలసినదే. కాలక్రమమున దారి మారినను ఈ గుణము మారలేదు.

ఈ పందెపు చరిత్రలో ఒక చిరస్మరణీయ దినము కలదు. 1964 మే 23వ తేదీన స్కాట్లండుకు చెందిన డేల్ గ్రెగ్ అను యువతి రైడ్ పట్టణమున జరిగిన పందెమున ఈ దూరమును 3 గంటల 27 నిమిషముల 45 సెకండ్లలో ముగించెను. స్త్రీలలో అంతవరకు అంత వేగముగా మారథాన్ పరుగెత్తినవారు లేరు. ఆ కాలమున స్త్రీలకు ఇంత దూరపు పందెమున అధికారికముగా ప్రవేశము లేదు. అందుచే నిర్వాహకులు ఆమెను పురుషుల కంటె నాలుగు నిమిషములు ముందుగా బయలుదేరనిచ్చిరి. మార్గమధ్యమున ఆమెకేమగునో యను శంకతో ఒక అంబులెన్సు బండిని కూడ వెంట నడిపించిరి. ఆమెకు దాని అవసరము కలుగనేలేదు. సంపూర్ణారోగ్యముతో పరుగెత్తిన మనిషి వెంట అంబులెన్సు నడచినది. కాని గాయము మానీమానని కాలితో వేలాదిమంది నడుమ పరుగెత్తువాని వెంట ఏ బండియు రాదు. తన్ను తానే కనిపెట్టుకొని యుండవలెను. మన ప్రసంగ విషయము సరిగా ఈ కనిపెట్టుకొనుటయే.

మొదట కొండదారి కాలిపై ఏమి చేయునో తెలిసికొందము. సమతలమున పరుగెత్తునప్పుడు ప్రతి అడుగునందును పాదముపై శరీరపు బరువునకు రెండు మూడు రెట్ల ఒత్తిడి పడును. ఎత్తు ఎక్కునప్పుడు ఈ తాకిడి తగ్గును గాని శ్రమ పెరుగును. శరీరమును పైకెత్తు భారమంతయు పిక్కలపైనను, తుంటి కండరములపైనను, మడమ వెనుకనున్న స్నాయువుపైనను పడును. గుండె వేగముగా కొట్టుకొనును, ఊపిరి తీవ్రమగును. కనుక మడమ స్నాయువునకో పిక్కకో దెబ్బ తగిలి కోలుకొనుచున్నవానికి ఎక్కుడే ప్రమాదస్థానము.

దిగునప్పుడు దీనికి విరుద్ధము. ఊపిరి తేలికపడును. మనస్సు ఉల్లాసపడును. కాలు తనంతట తానే పోవుచున్నట్లుండును. కాని అప్పుడే తొడల ముందు కండరములు మిక్కిలి కఠినమైన పని చేయుచుండును. మామూలుగా కండరము కుదించుకొనుచు పనిచేయును. దిగుడున మాత్రము అది బిగిసియుండియే సాగుచుండవలెను. కదలునప్పుడు త్రాడును బిగబట్టి బరువును మెల్లగా బావిలోనికి దింపునట్టి పని ఇది. చేతులు ఒరసుకొనునది చేద దింపునప్పుడే గదా! ఈ విధమైన పనిలో కండరపు సన్నని పోగులు చిట్లును. దాని నొప్పి వెంటనే తెలియదు. మరునాడో మూడవనాడో మెట్లు దిగబోయినప్పుడు తెలియును. మోకాటికిని, ముంగాలి ఎముకకును కూడ దిగుడు తాకిడి హెచ్చు. కనుక మోకాలో ఎముకయో గాయపడినవానికి దిగుడే ప్రమాదస్థానము.

దీనినిబట్టి ఒక ముఖ్యమైన సంగతి తేలుచున్నది. కొండదారి అందరికి ఒక్కటే అయినను గాయమునుబట్టి దాని శత్రుత్వము మారును. పందెపు దారి చిత్రమును చూచునప్పుడు ఎన్ని కొండలు కలవని గాక, మన కాలికి చేటు చేయునవి ఎక్కుడులా దిగుడులా అని, అవి మొదటి భాగమున ఉన్నవా అలసిన పిదప వచ్చునా అని చూచుకొనవలెను.

రెండవ విషయము శరీరము కోలుకొను తీరు. శరీరములో అన్ని భాగములును ఒకే వేగముతో కోలుకొనవు. కండరమునకు రక్తప్రసారము అధికము గనుక చిన్న చీలిక కొద్ది వారములలో మానవచ్చును. ఎముకలో ఏర్పడిన సన్నని చీలికకు ఆరు మొదలు ఎనిమిది వారములు, ఒక్కొక్కప్పుడు అంతకుమించియు పట్టును. స్నాయువునకు రక్తప్రసారము తక్కువ. అది తిరిగి బలపడుటకు మాసములు కావలెను. ఇంతలో రోగి ఊరకుండక ఈతయో సైకిలు త్రొక్కుటయో సాగించుచుండును. అందువలన గుండె, ఊపిరితిత్తులు చాలవరకు తమ శక్తిని నిలుపుకొనును. చిక్కంతయు ఇచ్చటనే వచ్చును. ఊపిరి సిద్ధముగా నుండును, కాలు సిద్ధముగా నుండదు. మొదటి నాలుగైదు పరుగులు హాయిగా సాగుటచే గాయము పూర్తిగా పోయినదని మనస్సు నమ్మును. గాయపడినవారు రెండవసారి గాయపడుట తరచుగా ఈ నమ్మకము వలననే. పరుగెత్తువారిపై జరిగిన పరిశోధనలలో క్రొత్త గాయమును ముందుగా సూచించు గుర్తులలో పాత గాయమే ప్రధానముగా తేలుట ఆశ్చర్యము కాదు.

గొప్ప క్రీడాకారుల కథలు మనకు ఉత్సాహమునిచ్చును గాని వానిని జాగ్రత్తగా చదువుకొనవలెను. ఇథియోపియాకు చెందిన అబెబె బికిలా 1964లో అపెండిసైటిస్ శస్త్రచికిత్స చేయించుకొని, ఆరు వారములైనను నిండకమునుపే టోక్యో ఒలింపిక్ మారథానులో ప్రపంచములో అంతవరకు ఎవరును సాధింపని వేగముతో గెలిచెను. చెకొస్లొవేకియా వీరుడు ఎమిల్ జాటోపెక్ 1956లో హెర్నియా శస్త్రచికిత్స జరిగిన కొలది వారములకే మెల్బోర్న్ మారథానులో పాల్గొని ఆరవవాడుగా వచ్చెను. ఈ రెండును పొట్టకు జరిగిన చికిత్సలు. పాదము నేలను తాకినప్పుడు కలుగు దెబ్బను అవి నేరుగా మోయవు. అదే బికిలా 1968లో మెక్సికో నగరమున కాలిగాయముతో బరిలోనికి దిగి, సుమారు 17 కిలోమీటర్ల వద్ద విరమింపవలసి వచ్చెను. గెలుపు ఆయన సహచరుడు మామో వోల్డెకు దక్కెను. మనిషి ఒకడే, ధైర్యము ఒకటే. మారినది గాయపడిన స్థానము.

అమెరికాకు చెందిన జోన్ బెనాయిట్ కథ వేరొక పాఠము. 1984 ఏప్రిల్ 25న ఆమె కుడి మోకాటికి శస్త్రచికిత్స జరిగినది. పదునేడు దినములకు మే 12న ఆమె తన దేశపు ఒలింపిక్ ఎంపిక మారథానును గెలిచెను. ఆగస్టు 5న లాస్ ఏంజిలిస్ నగరమున, ఒలింపిక్ చరిత్రలో స్త్రీలకై జరిగిన మొట్టమొదటి మారథానును కూడ గెలిచెను. ఇచ్చట మోకాటి కదలికకు అడ్డు తగులుచున్న తంతుముద్దను వైద్యులు తొలగించిరి. అడ్డు తొలగినంతనే కీలు ఆడినది. చిట్లినదానిని అతికించుట వేరు, అడ్డమును తొలగించుట వేరు. కనుక ఇతరులు ఇన్ని దినములలో లేచిరి గనుక మనమును లేవవచ్చునని దినములను లెక్కించుట కంటె, మన గాయము ఏ జాతిదో వైద్యునివద్ద తెలిసికొనుట మేలు.

ఇక సన్నాహమును గూర్చి. నొప్పి పోవువరకు మంచముపై విశ్రమించినచో చాలునని పూర్వము తలంచెడివారు. పూర్తి విశ్రాంతి స్నాయువును ఇంకను బలహీనపరచునని ఇప్పుడు తెలిసినది. 1998లో స్వీడనుకు చెందిన హాకన్ ఆల్ఫ్రెడ్సన్ అను వైద్యుడును ఆయన సహచరులును మడమ స్నాయువు నొప్పితో చిరకాలముగా బాధపడుచున్న 15 మంది పరుగువారికి ఒక సులభమైన వ్యాయామము చేయించిరి. మెట్టు అంచున మునివేళ్లపై నిలిచి, నొప్పిగల కాలి మడమను మెట్టు క్రిందికి మెల్లగా దింపవలెను. మోకాలు చాచి పదునైదేసి మారులు మూడు విడతలు, మోకాలు కొంచెము వంచి మరల మూడు విడతలు. ఇట్లు దినమునకు రెండు పూటలు, పండ్రెండు వారములు. ఆ పదునైదుగురును తిరిగి తమ పూర్వపు పరుగునకు చేరుకొనిరి. ఈ వ్యాయామమున ఉన్నదంతయు నెమ్మదిగా దింపుటయే. కొంచెము కొంచెముగా బరువు మోయుటచే గాయపడిన భాగమే బలము నేర్చుకొనుచున్నది.

ఈ సూత్రమే కొండలకును వర్తించును. మొదట సమతలమున నడక, తరువాత నడకయు పరుగును కలిపి, ఆ తరువాత ఎడతెగని పరుగు. అది నొప్పిలేక సాగిన పిదపనే మిట్ట ఎక్కుట. దిగుట అన్నిటికంటె వెనుక. దిగుడును కూడ మొదట చిన్న వాలుపై, చిన్న చిన్న అడుగులతో, కొద్దిసేపు మాత్రము సాధన చేయవలెను. ఇందులో ఒక మేలు కలదు. ఒకసారి మితముగా దిగి కొద్దిపాటి నొప్పి అనుభవించిన కండరము కొన్ని వారములవరకు ఆ పనిని గుర్తుంచుకొని, రెండవసారి అంతగా చిట్లదు. కనుక పందెమునకు కొన్ని వారములు ముందుగా రెండు మూడు పర్యాయములు దిగుడు రుచి చూపినచో, పందెము నాడు తొడలు దానిని పరాయిదిగా తలంపవు. ఆఖరి వారమున మాత్రము ఇట్టి ప్రయోగములు పనికిరావు.

సాధనలో నొప్పి కొంచెమైనను ఉండరాదా అని చాలమంది అడుగుచుందురు. స్నాయువు గాయములలో స్వల్పమైన నొప్పి ఉండవచ్చును. అది పరుగెత్తుకొలది పెరుగక, మరునాటి ఉదయమునకు మామూలు స్థితికి వచ్చినచో భయము లేదు. ఉదయము మంచము దిగి వేయు మొదటి నాలుగడుగులే మంచి వైద్యుడు. ఎముక గాయమునకు మాత్రము ఈ సడలింపు లేదు. ఒకే చోట వేలు పెట్టి చూపగల నొప్పి ఉన్నచో పరుగు ఆపి వైద్యుని చూడవలెను.

పందెము నాటి సంగతి. దీవి పందెమునకు ముందుగానే నీటిని దాటి చేరుకొనుట మంచిది. తెల్లవారుజామున లేచి, చలిలో పడవయెక్కి, చాలసేపు నిలిచి, బిగిసిన కాళ్లతో బయలుదేరుట మానుచున్న గాయమునకు హితము కాదు. సముద్రపు గాలి రెండవ విషయము. ఎదురుగాలి తీసికొనినదంతయు వెనుకగాలి తిరిగి ఈయదు. కొండయు ఇట్లే. ఎక్కుడున పోయిన కాలమును దిగుడున రాబట్టుకొనవలెనను ఆశ మానుచున్న కాలికి పరమశత్రువు. ఎక్కునప్పుడు వేగమును గాక శ్రమను సమముగా ఉంచుకొనవలెను. అవసరమైనచో నడువవలెను. ఏటవాలు మిట్టపై వేగముగా నడచువాడు, రొప్పుచు పరుగెత్తువానికి ఎంతో వెనుకబడడు. దిగునప్పుడు అడుగు చిన్నదిగాను, తరచుగాను ఉండవలెను. మడమను ముందుకు చాచి బ్రేకు వేయుచు దిగినచో ఆ దెబ్బ నేరుగా మోకాటికి పోవును.

రహదారి నడుమ కొంచెము ఉబ్బెత్తుగా ఉండి అంచులకు వాలియుండును. గంటల తరబడి ఒకే అంచున పరుగెత్తినచో ఒక కాలు ఎప్పుడును పల్లమున పడును. నిర్వాహకుల నియమములకు లోబడి వీలైనచోట్ల చదునైన భాగమును ఎన్నుకొనుట మేలు. నొప్పి తెలియకుండుటకై మాత్రలు మ్రింగి బయలుదేరుట మాత్రము ఎవరికిని తగదు. నొప్పి కాలు పంపు కబురు. మాత్ర ఆ కబురును ఆపును గాని గాయమును ఆపదు. దీర్ఘమైన పరుగులో అట్టి మాత్రలు మూత్రపిండములకు కూడ హాని చేయవచ్చును. ప్రారంభమున గుంపు ఉత్సాహము చూచి ఉరకరాదని వేరుగా చెప్పనక్కరలేదు. ముందు మురిసినమ్మ పండుగ ఎరుగదు గదా!

ఇంతకును అసలు ప్రశ్న ఒకటి మిగిలియున్నది. నడుమ ఆగిపోవలసి వచ్చినచో? దీనికి సమాధానము పందెమునకు ముందే నిర్ణయించుకొనవలెను. అలసిన మనస్సు నిర్ణయము చేయజాలదు, బేరమాడును. వచ్చు మలుపు వరకు, ఆ మిట్ట పైవరకు అని వాయిదాలు అడుగును. కనుక ఇంటివద్దనే మూడు గుర్తులు వ్రాసి పెట్టుకొనవలెను. నొప్పి ప్రతి కిలోమీటరునకు పెరుగుచున్నచో ఆగవలెను. నొప్పి వలన అడుగు తీరు మారి కుంటుచున్నచో ఆగవలెను. ఎముకపై ఒకచోట సూదిపోటు వలె నొప్పి వచ్చినచో తక్షణమే ఆగవలెను. ఈ మూడింటిలో ఏదియు లేక కేవలము అలసటయే ఐనచో సాగిపోవచ్చును. అలసట మారథానుకు సహజము.

గాయపడినవాడు కోల్పోవునది పతకము కాదు. మాలో చాలమందికి పతకముల ఊసేలేదు. ఉదయమున వీధిలో ఇతరుల అడుగుల చప్పుడు విని కిటికీ మూసికొనవలసి వచ్చుట, తోటివారు పరుగు ముచ్చట చెప్పుకొనునప్పుడు మాట తప్పించుకొని పోవుట, తన శరీరమునే తాను నమ్మలేకపోవుట అసలు బాధ. ఈ నమ్మకమును తిరిగి సంపాదించుకొనుటకే మనము బరిలోనికి దిగుచున్నాము. అట్టిచో మూడు గంటల పంతమునకై ఆ నమ్మకమునే పణముగా ఒడ్డుట తగునా? కుంటుచు ముగింపురేఖ దాటి మరల ఆరుమాసములు ఊరకుండువాని కంటె, సగము దారిలో ఆగి మరుసటి వారమున మెల్లగా నడక సాగించువాడే ముందున్నవాడు. పరుగెత్తి పాలు త్రాగుటకంటె నిలబడి నీళ్లు త్రాగుట మేలని మన పెద్దలు చెప్పినమాట పరుగువారికే ఎక్కువగా అన్వయించును.

అట్లని ముగింపు చేరరాదని మా భావము కాదు. క్రమముగా సిద్ధపడి, ఎక్కుడున నడచి, దిగుడున చిన్న అడుగులు వేసి, గాలికి తలయొగ్గి, నొప్పి కబురును ఆలకించుచు నాలుగు గంటలకో ఐదు గంటలకో రేఖను చేరినవాడు పొందు సంతోషము తక్కువది కాదు. గడియారము పాత పరుగుల కంటె ఎక్కువ నిమిషములు చూపవచ్చును. మరునాటి ఉదయము మంచము దిగి నాలుగడుగులు వేసినప్పుడు కాలు మాట వినినచో ఆ పందెమున గెలిచినట్లే. తరువాతి పందెమునకు సన్నాహము ఆనాటినుండియే ఆరంభింపవచ్చును.